మెఱుగు వేఱు, బాగు వేఱు

పాత వస్తువును పాఱవేయక బాగుచేయించుకొనుట మంచి యలవాటని మనము చిన్ననాటినుండి వినుచున్నాము. ఆ మాట సత్యమే. కాని బాగుచేయుట యనగా నేమో మనలో పెక్కుమంది విచారింపరు. పైకి మెఱయునట్లు చేయుట యొకటి. లోపలి దోషమును కనుగొని తొలగించుట వేఱొకటి. ఈ భేదమును నాకు నేర్పినది యొక మోటారుకారు కార్బురేటరు. ఆ పాఠమును మన విద్యార్థులకును, వారి తలిదండ్రులకును విన్నవింపనెంచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా యింట నొక పాత అంబాసిడరు కారు గలదు. ఉత్తర్‌పారా కర్మాగారమున ఆ కార్ల తయారీ 2014లోనే నిలిచిపోయినది. మా తండ్రిగారు నడిపిన కారగుటచే దానిని అమ్ముటకు మాకు మనసొప్పలేదు. దాని కార్బురేటరు అరిగిపోగా, ఒక దుకాణమున, విప్పి శుభ్రపఱచి పునర్నిర్మించినదని చెప్పిన మఱియొక కార్బురేటరును కొంటిమి. అది వెండిగిన్నెవలె మెఱయుచుండెను. ఆ మెఱుపు చూచియే నేను సొమ్ము చెల్లించితిని.

కార్బురేటరు చేయు పని గాలిని, పెట్రోలును తగుపాళ్లలో కలిపి ఇంజనున కందించుట. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండుటకు తూకమున సుమారు 14.7 పాళ్లు గాలి వలయును. గాలి మితిమీరిన ఇంజను తడబడి ఆగును. పెట్రోలు మితిమీరిన నల్లని పొగ వెడలును. మా కారునకున్నది ఎస్.యు. రకము. స్కిన్నర్ యూనియన్ అను మాటలకు ఆ రెండక్షరములు సంక్షేపము. ఆ సంస్థ ఇంగ్లండున 1910లో స్థాపింపబడినది. అందు గంటవంటి మూతలో నొక పిస్టను వ్రేలాడుచుండును. ఇంజను పీల్చు గాలి హెచ్చినకొలది అది పైకి లేచును. దాని యడుగున క్రమముగా సన్నబడు సూది యొకటి జెట్టు రంధ్రములో దిగియుండును. పిస్టను లేచినకొలది సూదిచుట్టు సందు పెరిగి పెట్రోలు హెచ్చుగా వచ్చును. ఇట్లు ఒక్క కదలికయే గాలిని, పెట్రోలును రెంటిని కొలుచును. కావుననే మూతయు పిస్టనును జతగా తయారగును. ఒకదాని మూత వేఱొకదాని పిస్టనుకు నమ్మకముగా అమరదు.

క్రొత్తగా కొన్న కార్బురేటరుతో కారు కూడలియందు నిలిపినప్పుడెల్ల ఇంజను ఆగిపోవుచుండెను. ఒక పనివాని యొద్దకు తీసికొనిపోయితిని. ఆ రాత్రి పెండ్లికి పోవలసియుండెను. "ఎట్లయినను సాయంకాలమునకు ఆగకుండ చేయుము" అని తొందరపెట్టితిని. అతడు జెట్టు క్రింది మరను కొంత త్రిప్పెను; ఇంజను ఆగుట మానెను. నేను సంతసించితిని. కాని నెలలోపల పెట్రోలు ఖర్చు పెరిగినది; మార్గమున నల్లపొగ వెడలజొచ్చెను; ప్లగ్గులు మసిబారెను.

అప్పుడొక వృద్ధుడైన మెకానిక్కును ఆశ్రయించితిని. ఆయన వెంటనే పనిముట్టు పట్టలేదు. "అయ్యా! దీనిని మనము బాగుచేయుటకు ముందు, మునుపు బాగుచేసినవారు ఏమి చేసిరో తెలిసికొనవలెను" అనెను. మూడు శనివారములు ఆయన ప్రక్కను కూర్చుండి చూచితిని. మూత యొక కార్బురేటరుది, పిస్టను మఱియొకదానిది. అది పట్టివేయగా ఎవరో మూతలోపల ఎమరీ కాగితముతో రుద్దియుండిరి. ఆ గీతలు కంటికి కనబడుచుండెను. థ్రాటిల్ ఇరుసు తన రంధ్రములలో వదులై ఆడుచుండెను. సూదిమీది యక్షరము తయారీదారుల పుస్తకములో మా ఇంజనునకు చెప్పినది కాదు.

నల్లపొగకు కారణ మప్పుడు తేటపడినది. ఇరుసుచుట్టు నున్న సందునుండి దొంగగాలి లోనికి పోవుచుండెను. బండి నిలిచియున్నప్పుడు ఇంజను పీల్చు గాలి కొంచెమే గనుక, ఆ దొంగగాలి లెక్కకు వచ్చి మిశ్రమము పలుచనై ఇంజను ఆగెను. పనివాడు జెట్టును దింపి పెట్రోలు హెచ్చించెను. అంతట నిలుకడయందు సరిపడినది. కాని వేగమున పోవునప్పుడు దొంగగాలి లెక్కకు రాదు, హెచ్చిన పెట్రోలు మాత్రము మిగులును. ఒక తప్పును కప్పుటకు మఱియొక తప్పు చేయబడినది. దుకాణమువారిని మొదట నిందించితిని. ఆ నింద న్యాయమే. పనివానినికూడ నిందింపబోయి ఆగితిని. ఏలయన, కారణము వెదకుమని నేనతని నడుగలేదు. లక్షణమును దాచుమనియే అడిగితిని.

రంధ్రములను తొలిచి క్రొత్త బుష్షులు, క్రొత్త ఇరుసు వేయించితిమి. జతచెడని మూతను, పిస్టనును వేఱొక పాత కార్బురేటరునుండి సంపాదించితిమి. సరియైన సూదిని అమర్చి, జెట్టును నడిమికి తెచ్చితిమి. పిస్టనును వ్రేలితో ఎత్తి విడిచినప్పుడు టక్కుమని చిన్న లోహధ్వని వినవలెను; మూడవ శనివారమున అది వినబడినది. రబ్బరు భాగములను మార్చుటయు మఱువలేదు. 2025 నాటికి మన దేశపు పెట్రోలులో నూటికి 20 పాళ్ల ఎథనాలు కలుపుటకు వచ్చితిమి. పాత రబ్బరులలో పెక్కింటికి అది పడదు.

దీనికి కొంద ఱాక్షేపణ చెప్పవచ్చును. మూడు శనివారములకు వెల లేదా? క్రొత్తది కొనరాదా? నేటి కార్లలో కార్బురేటరే లేదు గదా? ఈ మాటలలో సత్యము గలదు. నేటి ఇంజనులు పొగగొట్టములోని ప్రాణవాయువును కనిపెట్టి పెట్రోలును క్షణక్షణము సరిచేసికొనును; ఆ పని పాత సూదికి చేతకాదు. పాత పద్ధతియే మేలని నేననను. కాని నేనడుగునది వేఱు. సైకిలు గాని, కుట్టుమిషను గాని, చేతి గడియారము గాని, బాగుచేయుటకు పూనినప్పుడు లోపలికి చూతుమా, లేక మెఱుగుతో తృప్తిపడుదుమా? విద్యార్థులారా, తప్పిన లెక్కలో కడపటి యంకెను మాత్రము దిద్ది జవాబు కలుపువాడును ఆ జెట్టు త్రిప్పిన పనివాడును ఒక్క బడిలో చదివినవారే.

తలిదండ్రులకు నాదొక మనవి. పనివానిని "ఎప్పటికిత్తువు?" అని యడుగుటకు ముందు "ఏమి కనుగొంటివి?" అని యడుగుడు, కనుగొనుటకు పట్టిన కాలమునకుకూడ కూలి యిండు. తీసిన పాత భాగములను చూపుమని కోరుడు. మన పాఠశాలలో చేతిపని నేర్పు ఉపాధ్యాయులకును ఒక మనవి. బాలురు బాగుచేసిన ప్రతి వస్తువునకు ఒక చీటి కట్టింపుడు: ఏ దోషము కనబడినది, ఏది మార్చితిమి, ఏది మార్చలేకపోతిమి, ఏ తేది. మంచి పనికి అది సాక్ష్యము, చెడ్డపనికి సిగ్గు.

మా కారులోని పనిముట్ల సంచిలో అట్టి చీటి యొకటి యిప్పుడున్నది. మూతమీది పాత గీత యొకటి పోలేదని అందు వ్రాసితిమి. మునుపటివలె అది మెఱయుటలేదు. కాని రేపు దానిని విప్పువాడు మేము చేసినదేదో, చేయలేనిదేదో చదువుకొని పని మొదలుపెట్టగలడు.