మన కాలవ గురించి వాడెవడు చెప్పడానికి?

మా తమ్ముడి పెళ్ళికి వరంగల్ నుంచి నా స్నేహితుడొకడు గుంటూరు వచ్చాడు. రెండ్రోజులున్నాడు. బ్రాడీపేట, అరండల్‌పేట, లాడ్జి సెంటరు, ఏటుకూరు రోడ్డు, మిర్చి యార్డు, అన్నీ తిప్పాను. రెండో రోజు భోజనాల దగ్గర మా బాబాయి వాణ్ణి పలకరించాడు. "ఏం బాబూ, ఎట్టా ఉంది మా ఊరు?"

వాడికి అబద్ధం చెప్పడం రాదు. "మనుషులు బాగున్నారండీ, భోజనం ఇంకా బాగుంది. ఊరే పాడైపోయినట్టుంది. ఎటు చూసినా తవ్వి వదిలేసిన రోడ్లు, మూతల్లేని కాలవలు. కుళాయి నీళ్ళు తాగాలంటే భయమేసింది" అన్నాడు.

బంతిలో ఒక్కసారిగా మాటలాగిపోయాయి. బాబాయి మొహం ఎర్రబడింది. "మీ వరంగల్లో వానొస్తే కాలనీలకి కాలనీలు మునగట్లా? మా ఊరికొచ్చి, మా తిండి తిని, మాకే చెప్పొచ్చావా?" అన్నాడు. అక్కడున్న పదిమందీ ఆయన వైపే తలలూపారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అదే బాబాయి ఆ రోజు పొద్దున్నే, ఇంటి ముందు కాలవ పొంగి ముగ్గు మీదకి మురుగొచ్చిందని కార్పొరేషన్ని, ఎమ్మెల్యేని, గవర్నమెంటుని అరగంట సేపు ఏకధాటిగా తిట్టాడు. నా స్నేహితుడు అన్నది అందులో పదో వంతు కూడా కాదు. పొద్దున నిజం అయింది మధ్యాహ్నానికి అవమానం ఎలా అయింది?

ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. తర్వాత గమనించడం మొదలుపెట్టాను. బయటివాడు మన ఊరిని ఒక మాటంటే మనం చెప్పే జవాబులు తిప్పితిప్పి నాలుగే.

ఒకటి, "మీ ఊరు మాత్రం తక్కువా?" ఇది జవాబు కాదు, పక్కవాడి పేపరు చూపించి మార్కులడగడం. వరంగల్ మునిగినంత మాత్రాన గుంటూరు కాలవకి మూత రాదు.

రెండు, చరిత్ర. "1954 నుంచి 56 దాకా ఆంధ్ర రాష్ట్రానికి హైకోర్టు మా ఊళ్ళో ఉండేది తెలుసా? ఏసీ కాలేజీ 1885 నాటిది తెలుసా? పొగాకు బోర్డు హెడ్డాఫీసు ఎక్కడనుకున్నావు?" అన్నీ నిజాలే. గర్వపడాల్సినవే. కానీ 1866లోనే మున్సిపాలిటీ అయిన ఊరికి ఇన్నేళ్ళ తర్వాత కూడా సరైన మురుగు పారుదల లేదంటే, ఆ చరిత్ర మనల్ని సమర్థించదు, నిలదీస్తుంది. తాతల మూతులు వాసన చూడమన్నట్టు తారీకులు చెప్పుకుంటున్నాం.

మూడు, "దీని వెనక ఎవరో ఉన్నారు." ఫలానా పార్టీ, ఫలానా కులం, రాజధాని ఇక్కడ ఇష్టం లేనివాళ్ళు, ఎవరో ఒకరు. 2014 తర్వాత మన జిల్లాలో ఏ గుంత గురించి మాట్లాడినా అది రాజధాని గొడవలోకి వెళ్ళి పడుతుంది. గుంత మాత్రం అక్కడే ఉంటుంది.

నాలుగోది నాకు సూటిగా తగిలేది. "ఉద్ధరించేవాడివి, నువ్వెళ్ళిపోయావుగా!" నేను హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్నవాణ్ణి. నిజమే, వెళ్ళిపోయాను. నాతో ఇంజినీరింగ్ చదివినవాళ్ళలో సగానికి పైగా వెళ్ళిపోయారు. కానీ ఈ తర్కం ఎటు పోతుందో చూడండి. బయటివాడికి మాట్లాడే హక్కు లేదు, ఎందుకంటే వాడికి తెలీదు. వెళ్ళిపోయినవాడికి లేదు, ఎందుకంటే వాడు వెళ్ళిపోయాడు. ఊళ్ళో ఉన్నవాడు మాట్లాడకూడదు, ఎందుకంటే పరువు పోతుంది. ఇక మిగిలిందెవరు? కాలవే మాట్లాడాలి. అది 2018లో మాట్లాడింది.

2018 మార్చిలో పాతగుంటూరు వైపు, ఆనందపేట, సంగడిగుంట ప్రాంతాల్లో తాగే నీటి పైపుల్లో మురుగు కలిసింది. వందల మంది వాంతులు, విరేచనాలతో గవర్నమెంటు ఆస్పత్రికి చేరారు. కనీసం పది మంది చనిపోయారు. కృష్ణా నీళ్ళు ఊరి దాకా వచ్చే చోట, పక్కనే కొత్త రాజధాని కడుతున్నామని దేశమంతా చెప్పుకుంటున్న రోజుల్లో, కుళాయి తిప్పి నీళ్ళు పట్టుకున్నందుకు మనుషులు చచ్చిపోయారు.

అప్పుడు మా ఇంట్లో గిన్నెలు తోమే ఆవిడ ఆ పేటల నుంచే వచ్చేది. ఆ నెలంతా రోజూ వెళ్ళేటప్పుడు రెండు ప్లాస్టిక్ సీసాల్లో మా ఫిల్టరు నీళ్ళు నింపుకుని వెళ్ళేది. మా అమ్మే పట్టిచ్చేది. ఆ సీసాల సంగతి పెళ్ళిలో ఎవరికీ గుర్తు రాలేదు. "మా నీళ్ళకేం తక్కువ?" అని నా స్నేహితుడి మీద లేచినవాళ్ళందరి ఇళ్ళల్లోనూ ఫిల్టరో, నీళ్ళ క్యానో ఉంది. మా ఇంట్లోనూ ఉంది. ఊరిని వెనకేసుకొచ్చేవాళ్ళు తాగే నీళ్ళు ఊరి నీళ్ళు కావు.

అందుకే "మనం", "బయటివాళ్ళు" అనే గీత నాకు అనుమానంగా ఉంటుంది. ఆనందపేట ఆవిడని పిలిచి "మన ఊరిని వాడలా అన్నాడు, నీకు బాధనిపించిందా?" అని ఎవరూ అడగలేదు. ఊరి పరువు మోసేవాళ్ళు వేరు, ఊరి మురుగు మోసేవాళ్ళు వేరు. వినుకొండలో పుట్టి గుంటూరులో కన్నుమూసిన జాషువా జీవితమంతా చూసింది ఇదే కదా. ఈ గడ్డ మీదే పుట్టినా ఆయన్ని లోపలివాడుగా లెక్కపెట్టినవాళ్ళెందరు? ఇప్పుడు ఆయన పేరు మన గొప్పల జాబితాలో పైన ఉంటుంది.

ఇంకో లెక్క. గుంటూరు నగరపాలక సంస్థకి 2010లో పాలకవర్గం గడువు తీరిపోయింది. మళ్ళీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. శివారు పంచాయతీల విలీనం, కోర్టు కేసులు, కారణాలు ఏవైనా, పదేళ్ళకి పైగా ఊరికి మేయరు లేడు, కార్పొరేటర్లు లేరు. ఆనందపేటలో జనం చనిపోయినప్పుడు "మా వార్డు మెంబరేడీ?" అని అడగడానికి కూడా మనిషి లేడు. 900 కోట్ల పైచిలుకు భూగర్భ డ్రైనేజీ పథకం రోడ్లన్నీ తవ్వాక సగంలో ఆగింది. మా కుటుంబంలో గానీ, మా స్నేహితుల్లో గానీ "మాకు ఎన్నికలు కావాలి" అని ఆ పదేళ్ళలో ఒక్కరైనా గట్టిగా అన్నట్టు నాకు గుర్తు లేదు. నేనూ అనలేదు. ఒక బయటివాడి ఒక్క వాక్యానికి వచ్చిన కోపం, పదేళ్ళ ఖాళీ కుర్చీకి రాలేదు.

బయటివాళ్ళందరూ సత్యహరిశ్చంద్రులని నేననడం లేదు. మన ఊళ్ళ గురించి బయటినుంచి వచ్చే రాతల్లో, సినిమాల్లో సోమరితనం చాలా ఉంది. గుంటూరంటే కారం, పల్నాడంటే కత్తులు, ఒంగోలంటే గిత్తలు. అంతకుమించి వాళ్ళకి అక్కర్లేదు. కాలవ చూసి జనం స్వభావమే అంతని తేల్చేసేవాడిని తప్పకుండా ఎదిరించాలి. కానీ నా స్నేహితుడు జనాన్ని అనలేదు, కాలవని అన్నాడు. ఈ రెంటికీ తేడా తెలియకపోతే విమర్శ అనే మాటకే అర్థం లేదు. నా ఉద్యోగంలో కోడులో తప్పుందని ఎవరైనా చెబితే మొదట చేసే పని, ఆ తప్పు నిజంగా ఉందా అని చూడటం. చెప్పినవాడి ఊరు అడగటం కాదు.

ఇది మన ఒక్కళ్ళ జబ్బు కాదు. 1985లో రాజీవ్ గాంధీ కలకత్తాని చచ్చిపోతున్న నగరం అన్నప్పుడు ఆ ఊరు భగ్గుమంది. జర్మన్ రచయిత గుంటర్ గ్రాస్ (పేరు చూసి మనవాడే అనుకోకండి) కలకత్తాలో కొన్ని నెలలుండి 1988లో పుస్తకం వేస్తే మళ్ళీ అదే గొడవ. వీటన్నిటికంటే ముందు, 1927లో కేథరిన్ మేయో 'మదర్ ఇండియా' రాసింది. దురుద్దేశంతో రాసిన పుస్తకమే. గాంధీ దాన్ని మురుగుకాలవల ఇన్‌స్పెక్టరు రిపోర్టు అని ఎద్దేవా చేశాడు. ఆ మాట అందరికీ గుర్తుంది. అదే వ్యాసంలో, ప్రతి భారతీయుడూ ఈ పుస్తకం చదివితే మేలేననీ, ఆమె ఆరోపించిన తీరుని కాదనొచ్చు గానీ అందులోని అసలు విషయాన్ని కాదనలేమనీ ఆయన అన్న సంగతి మాత్రం మర్చిపోయాం. శత్రువు రాసినదాన్ని కూడా అలా చదవొచ్చు. మనం పెళ్ళికొచ్చిన స్నేహితుడి మాటనే వినలేకపోయాం.

మన నేలకి కోపం ఎలా పడాలో తెలియక కాదు. 1921లో చీరాల-పేరాల జనం, తమ మీద రుద్దిన మున్సిపాలిటీనీ దాని పన్నులనీ ఒప్పుకోక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఇళ్ళు వదిలేసి ఊరి బయట పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. వాళ్ళు మున్సిపాలిటీ వద్దన్నారు, మనకి పనిచేసే మున్సిపాలిటీ కావాలి. ఆ తేడా పెద్దదే. కానీ వాళ్ళ కోపానికి ఒక చిరునామా ఉంది. అది పాలించేవాళ్ళ వైపు పోయింది, అతిథి విస్తరి వైపు కాదు.

నా స్నేహితుడు ఆ రాత్రే బయల్దేరాడు. "తప్పుగా అన్నానేమోరా" అన్నాడు బస్సు దగ్గర. తప్పు నీది కాదని చెప్పాను. అప్పుడు చెప్పి ఏం లాభం? బంతిలో చెప్పాల్సింది. అక్కడ నేను కూడా తలొంచుకుని పప్పన్నం కలుపుకున్నాను. ఈ వ్యాసం రాయడానికి అదీ ఒక కారణం.

మొన్న మళ్ళీ గుంటూరు వెళ్ళాను. బాబాయి ఇంటి ముందు కాలవ మళ్ళీ పొంగింది. ఆయన మళ్ళీ తిడుతున్నాడు. ఇప్పుడు కార్పొరేటరు ఉన్నాడు కదా, ఒక కాగితం మీద రాసిద్దాం, వీధిలో అందరి చేతా సంతకాలు నేను పెట్టిస్తాను అన్నాను. బాబాయి కాసేపు ఆలోచించాడు.

"మనోడేరా. రోజూ ఎదురుపడతాడు. బాగోదు" అన్నాడు.