పొదుపు పాఠం ఎవరికి చెప్పాలి?

ఎండాకాలం ముఖం చూపించగానే నీళ్ల పొదుపు మీద హితబోధలు మొదలవుతాయి. ఏ ప్రకటన చూసినా, ఏ గోడ మీద బొమ్మ చూసినా అందులో ఉండేది ఒక ఇల్లాలే. ఆమె కుళాయి కట్టేస్తూ ఉంటుంది, లేకపోతే బిందె పట్టుకుని నవ్వుతూ ఉంటుంది. కింద "అమ్మలారా, నీళ్లు వృథా చేయకండి" అని రాసి ఉంటుంది. మంచి మాటే, కాదనం. కానీ అనంతపురం లాంటి చోట ఆడవాళ్లకు ఈ మాట చెప్పడమంటే చేపపిల్లకు ఈత నేర్పడమే.

మా ప్రాంతం సంగతి తెలియనివారి కోసం నాలుగు ముక్కలు చెబుతాను. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమల దగ్గరే కురిసేసి, అలిసిపోయి మా దాకా వస్తాయి. ఈశాన్య రుతుపవనాలేమో కోస్తాలోనే సగం ఖర్చయిపోతాయి. రెండింటికీ దూరపు చుట్టాలం మేము. పాత అనంతపురం జిల్లాలో (2022లో దీన్ని రెండు జిల్లాలు చేశారు) ఏడాది సగటు వర్షం సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ నమ్మకంగా పడదు. ఒక ఏడాది సగమే పడుతుంది, ఇంకో ఏడాది మొత్తం నాలుగు రోజుల్లో కుమ్మరించి పోతుంది.

ఇలాంటి చోట పుట్టి పెరిగిన ఆడపిల్లకు పొదుపు ఒకరు నేర్పేది కాదు. బియ్యం కడిగిన నీళ్లు కుడితిలోకి పోతాయి. కూరగాయలు కడిగినవి కరివేపాకు చెట్టుకు పోస్తాం. బట్టలు జాడించిన ఆఖరి నీళ్లు మరుగుదొడ్డికి వాడుకుంటాం. ఒకే నీటిని రెండు పనులకు, వీలైతే మూడు పనులకు వాడడం మా అమ్మమ్మల నాటి నుంచీ ఉన్నదే. ఈ మధ్య దీనికి "పునర్వినియోగం" అని పెద్ద పేరు పెట్టారు, అంతే తేడా.

పొదుపు కూడా చాకిరీయే

పొదుపు గురించి మాట్లాడేవాళ్లు ఒక సంగతి మరిచిపోతారు. నీళ్లు మిగలబెట్టడమంటే ఎవరో ఒకరు మొయ్యాలి. పదిహేను లీటర్ల బిందె అంటే పదిహేను కిలోల బరువు. వాషింగ్ మెషిన్ గొట్టంలోంచి వచ్చే నీళ్లు బకెట్లో పట్టాలి, ఆ బకెట్ మరుగుదొడ్డి దాకా ఈడ్చుకెళ్లాలి. పట్టినవి నిల్వ ఉంటే దోమలు రాకుండా మూతలు పెట్టాలి, తొట్టి వారానికోసారి తోమాలి. ఇవన్నీ చేసేది ఎవరు? పొద్దున్నే బడికి పోయే పిల్లలా, ఆఫీసుకు పోయే ఆయనా?

కుళాయి ఎప్పుడొస్తే అప్పుడు ఇంట్లో ఉండాల్సింది కూడా ఆమే. రోజు మార్చి రోజు, అదీ గంటసేపు వచ్చే నీళ్ల కోసం చుట్టాలింట్లో పెళ్లికి పోవడం మానుకున్నవాళ్లున్నారు. ట్యాంకరు వచ్చే వేళకు ఇంట్లో ఉండాలని ఆడపిల్లను బడి మానిపించే ఇళ్లూ ఉన్నాయి. దీన్ని లీటర్లలో కొలవలేం. ఏ లెక్కల పుస్తకంలోకీ ఎక్కదు.

దుబారా ఎక్కడ?

మరి ఇళ్లలో నీళ్లు దుబారా కావడం లేదా అంటే, అవుతున్నాయి. కాకపోతే అంట్లు తోమే చోట వెతికితే దొరకవు. పాత రకం ఫ్లష్ తొట్టి ఒకసారి నొక్కితే పది లీటర్లు, ఒక్కోచోట ఇంకా ఎక్కువే పోతుంది. రెండు మీటలుండే కొత్త రకంలో మూడు నుంచి ఆరు లీటర్లతో పని అయిపోతుంది. సెకనుకొక చుక్క కారే కుళాయి రోజుకు పదిహేను, ఇరవై లీటర్లు తాగేస్తుంది. మోటారు వేసి టీవీ ముందు కూర్చుంటే మిద్దె మీద ట్యాంకు పొర్లి వీధంతా తడుస్తుంది. గడ్డం గీసుకున్నంతసేపూ కుళాయి తిప్పే ఉంచడం, స్కూటరును పైపుతో అభిషేకం చేయడం మన ఇళ్లలో ఎవరి అలవాట్లో నేను చెప్పక్కర్లేదు.

2024 మార్చిలో బెంగుళూరులో నీటి కరువు వచ్చినప్పుడు అక్కడి నీటి బోర్డు, తాగేనీటితో వాహనాలు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని ప్రకటించింది. మా పిల్లలు సగం మంది ఆ ఊళ్లోనే ఉద్యోగాలు చేస్తున్నారు కాబట్టి ఆ కబుర్లు మాకు రోజూ ఫోన్లో అందేవి. నాకు నచ్చిందేమిటంటే, అక్కడ జరిమానా గిన్నెలు తోమే ఆమెకు కాదు, కారు కడిగే ఆయనకు వేశారు.

ఇంకొక దుబారా ఉంది. దాన్ని దుబారా అనడం కూడా తక్కువే. మున్సిపల్ కుళాయికి నేరుగా మోటారు బిగించి లాగేయడం. ఎగువ ఇంట్లో మోటారు నడిస్తే దిగువ ఇంటి కుళాయి గాలి ఊదుతుంది. మోటారు ఉన్నామె నింపుకున్న సంపులో నీళ్లను ఎంత పొదుపుగా వాడినా ఏం లాభం? అవి పక్కింటామె బిందెలోవే కదా! ఆ పొదుపు లెక్కలోకి రాదు.

మిద్దె మీది లెక్క

ఇప్పుడు ఒక చిన్న లెక్క. కాగితం, పెన్సిలు తీసుకోండి. వెయ్యి చదరపు అడుగుల మిద్దె అంటే 93 చదరపు మీటర్లు. దాని మీద 550 మిల్లీమీటర్ల వాన పడితే 51,000 లీటర్లు. ఆవిరై, చెదిరి అయిదో వంతు పోయిందనుకున్నా 40,000 లీటర్లు చేతికొస్తాయి. అయిదుగురున్న ఇంట్లో తాగడానికీ వంటకూ మనిషికి అయిదు లీటర్ల చొప్పున రోజుకు 25, ఏడాదికి 9,125 లీటర్లు. అంటే సగం వాన పడిన కరువు ఏడాదిలో కూడా, మిద్దె మీద పడిన నీళ్లు ఆ ఇంటి తాగేనీళ్లకు రెండింతలు.

అన్నీ ఒక్కసారి దాచుకోవాల్సిన పనీ లేదు. మనకు వానలు చాలావరకు జూన్ నుంచి అక్టోబరు మధ్యే. వాన లేని ఏడు నెలలకు అయిదారు వేల లీటర్ల సంపు చాలు. పట్టణంలో మధ్యతరగతి ఇళ్లకు అంత సంపులు ఇప్పటికే ఉన్నాయి, కానీ అవి మున్సిపల్ నీళ్లకూ ట్యాంకరు నీళ్లకే. వాన నీళ్లకు వేరే సంపు కట్టుకోలేనివాళ్లు ఒక ఇంకుడు గుంతయినా తవ్వి మిద్దె గొట్టం అందులోకి దించవచ్చు. తాగడానికి పట్టేవాళ్లు మొదటి వానలు బయటికి వదిలేయాలి. సంపులోకి వెలుతురు, దోమ పోకుండా మూయాలి. వడగట్టి కాచుకోవాలి. మిద్దె లేని ఇళ్లవాళ్ల మాటేమిటంటారా? ఊరి బడికీ గుడికీ ఉన్నాయి కదా పెద్ద పెద్ద కప్పులు!

మా వైపు వాన నీటికి ఇంకో విలువ కూడా ఉంది, అందులో ఫ్లోరైడ్ దాదాపు ఉండదు. లోతు బోర్ల నీళ్లలో రాతిపొరల నుంచి ఫ్లోరైడ్ దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పిల్లల పళ్లు గారపడతాయి. ఇంకా ఎక్కువై ఏళ్ల తరబడి తాగితే ఎముకలు బిగుసుకుపోతాయి. కాచితే పోతుందనుకునేవారు చాలామంది. పోదు సరికదా, నీళ్లు ఆవిరై అది ఇంకాస్త చిక్కబడుతుంది. ఆర్‌ఓ యంత్రం దాన్ని తీసేస్తుంది, నిజమే. కానీ ఒక లీటరు ఇవ్వడానికి రెండు మూడు లీటర్లు పారబోసే ఇంటి యంత్రాలే ఎక్కువ. ఉప్పు తక్కువగా ఉన్న నీళ్లకు అసలు ఆ యంత్రమే అక్కర్లేదు. లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు లవణాలున్న చోట వాటిని నిషేధించమని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ప్రభుత్వాన్ని ఆదేశించింది కూడా. కొనేముందు నీళ్లు పరీక్ష చేయించండి. ఇప్పటికే ఇంట్లో యంత్రం ఉంటే, అది వదిలే నీళ్లు ఇల్లు తుడవడానికీ మరుగుదొడ్డికీ పట్టుకోండి. పశువులకు పెట్టకండి.

ఇంటి వాటా ఎంత?

మన దేశంలో తోడే భూగర్భజలంలో వందకు ఎనభై అయిదుకు పైగా సేద్యానికే పోతుంది. ఇళ్లకు వచ్చేది పదో వంతు దగ్గర. రైతును తప్పు పట్టడానికి ఈ మాట అనడం లేదు. రైతు బాధ మాకు ఇంటి బాధే, వేరుశెనగ పీకేదీ కలుపు తీసేదీ మేమే. చీనీ తోట ఎండిపోతే మా తాళిబొట్టే తాకట్టుకు పోతుంది. కానీ ఒక బోరు ఎండితే పక్కన ఇంకా లోతుకు ఇంకో బోరు వేయడం, ఆ దెబ్బకు ఊరి మంచినీళ్ల బోరు పడిపోవడం మేము చూస్తున్నదే. 2002లో వచ్చిన వాల్టా చట్టం తాగేనీటి వనరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా బావి గానీ బోరు గానీ తవ్వకూడదంటుంది. ఆ చట్టం సంగతి గోడల మీద ఎవరూ రాయరు. కుళాయి కట్టేయమని మాత్రం రాస్తారు.

మంచి జరగలేదని కాదు. 1995–96లో సత్యసాయి తాగునీటి పథకం ఈ జిల్లాలో 700కు పైగా పల్లెలకు నీళ్లు చేర్చింది. శ్రీశైలం జలాశయం నుంచి ఎత్తిపోసిన హంద్రీ–నీవా నీళ్లు 2012లో జీడిపల్లి జలాశయానికి వచ్చాయి. 2019లో మొదలైన జల్‌జీవన్ మిషన్ ప్రతి పల్లె ఇంటికీ కుళాయి ఇచ్చి, మనిషికి రోజుకు 55 లీటర్లు అందిస్తామంది. 2024కు పూర్తి కావాల్సిన ఆ పథకానికి 2025 బడ్జెట్టులో గడువు 2028 దాకా పెంచారు.

ఆ పథకం నిబంధనల్లో రెండు మాటలు ప్రతి ఇల్లాలూ గుర్తుపెట్టుకోవాలి. ఊరి నీటి కమిటీలో సగం మంది ఆడవాళ్లుండాలి. ప్రతి ఊళ్లో అయిదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష నేర్పి, పెట్టె ఇవ్వాలి. మన ఊళ్లో ఆ కమిటీ ఉందా? అందులో మన పేర్లు సంతకాల దాకేనా, మాటలకు కూడానా? నీళ్లు ఏ వేళకు వదలాలో ఎవరు నిర్ణయిస్తున్నారు? కుళాయికి మోటారు పెట్టినవాళ్లను ఎవరు అడుగుతున్నారు? కొత్త బోరుకు అనుమతి ఇచ్చేముందు తాగేనీటి బోరు ఎంత దూరంలో ఉందో ఎవరు కొలుస్తున్నారు? గ్రామసభలో అడగాల్సిన ప్రశ్నలివి. ఒక్కరే అడిగితే నోరు మూయిస్తారు. పొదుపు సంఘం పదిమందీ కలిసి వెళ్లండి, సమాధానం రాక తప్పదు.

ఇంట్లో మాత్రం గ్రామసభ దాకా ఆగక్కర్లేదు. తొలకరి రాకముందే మిద్దె ఊడ్చాలి, గొట్టంలో ఆకులు తీయాలి, కారే కుళాయికి వాషరు మార్చాలి, వాడిన నీళ్ల బకెట్లు మరుగుదొడ్డి దాకా మోయాలి. ఈ నాలుగు పనులూ ఈసారి ఇంట్లో మగవాళ్లకూ మగపిల్లలకూ అప్పగించి చూడండి. నీళ్ల బరువు చేతికి తెలిసినవాడు షవరు కింద అరగంట నిలబడడు.