నడిగడ్డలో ఖాళీ నోట్లు

కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల సీమను నడిగడ్డ యందురు. అచటి రైతులు పెక్కుమంది పత్తిని విత్తనము కొరకే పండింతురు. మొగ్గ మొగ్గను చేత విప్పి, కేసరములు తీసి, వేరు మొక్కల పుప్పొడి నద్దవలెను. కూలి ఖర్చు మెండు. ఆ సొమ్ము సాధారణముగా కంపెనీకిని రైతునకును నడుమనుండు ఆర్గనైజరు ఇచ్చును. మూలవిత్తన మిచ్చువాడు, అప్పిచ్చువాడు, కడకు లెక్క కట్టువాడు నతడే. అంకె వేయని ప్రామిసరీ నోట్లపై సంతకములు తీసికొనుచున్నారని రైతుల మొర.

1872 నాటి కాంట్రాక్టు చట్టమునకు ఈ వ్యవహారము క్రొత్త కాదు. ఒకరి మనస్సును లోబరచుకొనగల స్థితిలో నుండి, దానిని వాడుకొని అన్యాయలాభము పొందుటను 16వ సెక్షను అనుచిత ప్రాబల్య మనుచున్నది. ఊరి షావుకారుకు బాకీపడినవాడు మరల అతనియొద్దనే దారుణమైన షరతులపై అప్పు చేసెననుకొనుడు. అందు ప్రాబల్యము లేదని రుజువు చేయవలసిన భారము షావుకారుదే. ఇది చట్టములోని ఉదాహరణమే. బజారులో డబ్బునకు కటకటగా నున్నవేళ బ్యాంకరు హెచ్చు వడ్డీ అడిగినచో మాత్రము అది వ్యాపారమే యట! వడ్డీ యొక్కటే దోషము గాదన్నమాట. నూరు రూపాయ లిచ్చి, నెలకు నూటికి ఆరు వడ్డీతో రెండువందలకు పత్రము వ్రాయించుకొన్నచో, కోర్టు దానిని కొట్టివేసి నూరును, న్యాయమైన వడ్డీయు ఇప్పింపవచ్చునని 19-ఏ సెక్షను చెప్పును.

మరి చిక్కెక్కడ? ఇట్టి ఒడంబడిక మొదటినుండి చెల్లనిది గాదు. రద్దు చేయదగినది మాత్రమే. బాధితుడు కాదనువరకు చెల్లుచునే యుండును. నోరు మెదపలేక సంతకము చేసినవాడే కోర్టులో నోరు విప్పవలెను. వచ్చే యేడు విత్తనమునకు మరల ఆ గుమ్మమే త్రొక్కవలెనాయె! పైగా, స్టాంపు కాగితముపై సంతకము చేసి ఖాళీగా నిచ్చినచో, ఆ స్టాంపునకు తగిన మొత్తమువరకు నింపుకొను అధికార మిచ్చినట్లే యని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్సు చట్టము భావించును.

వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెలనుండి మేస్త్రీల అడ్వాన్సు పుచ్చుకొని దూరదేశములకు వలసపోయిన పాలమూరు కూలీల సంగతి వేరు. బాకీ తీరువరకు కదలరాదని కూలిని కట్టివేసినచో, 1976 నాటి వెట్టిచాకిరి రద్దు చట్టము ఆ కట్టుబాటును తనంతతానే చెల్లకుండ చేసినది, ఋణమును మాపినది. భగేలా, పాలేరు, వెట్టి అను పేర్లను గూడ అందు చేర్చిరి. నడిగడ్డ రైతు పట్టాదారు, పేరునకు స్వతంత్రుడు. ఆ రక్షణ అతనికి వర్తింపదు.

ఆర్గనైజరు నోటునకు బదులు కంపెనీయే రైతుతో నేరుగా, తెలుగులో, అంకెలన్నియు నింపిన ఒప్పందము వ్రాసికొని, విత్తునకు ముందే ఒక ప్రతిని అతని చేతి కిచ్చినచో, కోర్టులో చూపుటకు రైతునొద్దను ఒక కాగితముండును.