ఇంటి ముచ్చటలు: చుక్క చుక్కకు నెమ్మది

ముగ్గు వేయుట యెఱుగని యిల్లాలు మనలో నరుదు. పండుగనాడు పదుగురము కూడి వీధి పొడవునను ముగ్గు తీర్చుటయు మనకు క్రొత్త గాదు. అయితే ఒకరి ముఖ మొకరెఱుగని లక్షలకొలది జనులు, విడతకు చుక్క చొప్పున పెట్టి, వేసిన చిత్రమును గూర్చి యీ నెల ముచ్చటింపదలచితిమి.

రెడ్డిట్ అను అమెరికా సంస్థవారు 2017వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన ఇంటర్నెట్టులో ‘ప్లేస్’ అను పేర నొక తెల్లని పలక నుంచిరి. అడ్డముగా 1000, నిలువుగా 1000, వెరసి పది లక్షల గడులు. ఈ గడినే పిక్సెల్ అందురు. 16 రంగులలో నొకటి యెన్నుకొని యొక గడి నింపవచ్చును. పిదప కొన్ని నిమిషములు వేచియుండిన గాని రెండవది నింపరాదు. ఒకరు నింపిన గడిపై మరియొకరు వేఱు రంగు వేసినను అడ్డు లేదు. ఒంటరిగా నెవ్వరును బొమ్మను నిలుపుకొనజాలరు. కావున జనులు జట్లు కట్టి, ముందుగా పటము గీసికొని, గడులు పంచుకొనిరి. 72 గంటలలో పది లక్షలకు మించినవారు చేయివేసిరి. మోనాలీసా వెలసెను; దేశదేశముల జెండాలు వెలసెను. అన్నిటిని నలుపుచే మ్రింగజూచిన గుంపును బయలుదేరెను. జర్మనీ, ఫ్రాన్సు జెండాలు ఒకదానిపై నొకటి ప్రాకి పోరాడి, తుదకు ఆ నడిమి చోటున ఐరోపా సమాఖ్య జెండాతో శాంతి పావురము నిలిచెను.

2022 ఏప్రిల్ 1న ఆ పలక మరల తెఱచిరి. ఈ మాఱు అది పెరిగి పెరిగి 40 లక్షల గడులయ్యెను; రంగులు 32. మఱునాడే మనకు ఉగాది. మా పెద్దమ్మాయి, ఊరూర నున్న పినతల్లి బిడ్డలు నలుగురితో ఫోనులో మాటలాడుకొని, ఐదు వరుసల చిన్న ముగ్గు తలపెట్టినది. గడులు 25, ఐదుగురు ఐదేసి నింపవలెను, గడికి గడికి నడుమ 5 నిమిషములు. అరగంటలో ముగ్గు పూర్తియయ్యెను. సాయంకాలమునకు పెద్ద జెండా యొకటి ప్రాకివచ్చి సగము మ్రింగినది.

అమ్మాయి కన్నీరు పెట్టుకొని, ప్రక్కనున్న చిన్న పిట్టబొమ్మను నల్లరంగుతో చెఱుపబోయినది. “ఆ పిట్ట నీకేమి చేసినదే తల్లీ?” యని మేమడిగితిమి.

“జెండాను మేము గెలువలేము గదా అమ్మా! ఉదయమున పాయసము అడుగంటినందులకు నీవు నన్ను కసరితివే, నేను మాడ్చితినా?” అన్నది.

మాకు నోట మాట రాలేదు. నిజమే. వచ్చిన పెద్దలు మాటలలో పెట్టుటచే పొయ్యి మఱచితిమి. వారి నేమియు ననలేక, ఎదురాడని బిడ్డ నంటిమి. “తప్పు మాదే తల్లీ” యని యొప్పుకొంటిమి. అది కొంతసేపు మాటలాడలేదు. పిదప చూడగా, ఎవరో కన్ను చెఱిపిన ఆ పిట్టకు తన నల్లచుక్కతో కన్ను పెట్టినది.

ఏప్రిల్ 4వ తేదీ తుది ఘడియలలో తెల్లరంగు తప్ప వేఱొకటి వేయనీయలేదు. జెండాలు, పిట్ట, మిగిలిన సగము ముగ్గు, అన్నియు తెల్లబడినవి. అమ్మాయి విచారింపలేదు. తెల్లవారిన ముగ్గు చెఱిపి మరల వేయు నింటి బిడ్డ గదా!

సోదరీమణులారా! బలవంతునిపై చెల్లని కోపమును బలహీనునిపై చూపుట మన యిండ్లలో నిత్యము జరుగుచున్నది. అత్తపై కోపము బిడ్డపై, భర్తపై కోపము పనిమనిషిపై పడుచుండును. చేయెత్తుటకు ముందు ఐదు నిమిషములు ఆగవలెనను నియమము ఆ పలకకే గాదు, మన వంటయింటికిని మేలే.