వేట ఆగితే పిల్లికేం పెట్టాలి?

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి మరబోట్లు వేటకెళ్ళవు. చేపలు గుడ్లుపెట్టే కాలం, నిషేధం సబబే. మత్స్యకారులకి 2025లో ప్రభుత్వం 20 వేలు భృతి ఇచ్చింది. చేపతలకాయలతో పెరిగిన మా గండుపిల్లికో?

పోయిన వేసవిలో దాన్ని పూర్తిగా పొడిగుళికల ప్యాకెట్లకి మార్చేశాను. నెల తిరక్కుండానే మూత్రం బిగిసి, పశువుల డాక్టరు దగ్గరికి పరుగు! చేపలో ముప్పాతిక భాగం నీరే, గుళికల్లో పదోవంతు. ఆ లోటుకి సరిపడా పిల్లి నీళ్ళు తాగదు.

పోనీ పెరుగన్నమా? అందులో టారిన్ చాలదు, కళ్ళూ గుండే దెబ్బతింటాయి. ఉప్పు నెత్తళ్ళు అసలొద్దు. ఇప్పుడు పొద్దున గుళికలు, రాత్రి ఉప్పెయ్యకుండా ఉడికించిన కోడి గుండెకాయలు, ఆ నీళ్ళతో సహా. మగపిల్లి మూత్రం రాక ముక్కుతుంటే మాత్రం తెల్లారేదాకా ఆగకండి, రెండ్రోజుల్లో ప్రాణం మీదికొస్తుంది.