అడుగుకు తగ్గ పాట సరే, ఆ లెక్క ఎవరి దగ్గర ఉంటోంది?

నిరుడు రక్త పరీక్షలో నాకు ప్రీ డయాబెటిస్ అని తేలింది. వయసు 38. అమ్మకు షుగర్, నాన్నకు స్టెంట్. ఇక్కడి మన కుటుంబాల్లో ఇది కొత్త కథేం కాదు. 2018 నాటి అమెరికా కొలెస్ట్రాల్ మార్గదర్శకాలు దక్షిణాసియా మూలాలనే గుండె జబ్బు ముప్పు పెంచే అంశంగా చేర్చాయి. డాక్టరమ్మ మాత్రలు రాయలేదు, వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవమంది.

సియాటెల్ దగ్గర మా ఊళ్లో అక్టోబర్ వస్తే వానే. గరాజ్‌లో ట్రెడ్‌మిల్ ఎక్కితే పదో నిమిషానికే విసుగు. అప్పుడు మా వారు నా ఫోన్‌లో అడుగుల వేగానికి తగ్గ పాట వేసే యాప్ పెట్టిచ్చారు.

ఈ ఆలోచన పాతదే. యమహా కంపెనీ బాడీబీట్ అనే చిన్న ప్లేయర్ తెచ్చి పదిహేనేళ్లు దాటింది. చెవికి పెట్టుకునే క్లిప్‌తో నాడి చూసి పాట ఎంచేది. 2015లో స్పాటిఫై ఇలాంటి సౌకర్యమే ఫోన్‌లో పెట్టి, 2018లో తీసేసింది. 2025లో ఆపిల్ వాచ్ సాఫ్ట్‌వేర్‌లో వ్యాయామాన్ని బట్టి పాటలు ఎంచే ఏర్పాటు వచ్చింది. వస్తువు కొంటే అది మన దగ్గరే ఉంటుంది. యాప్‌లో సౌకర్యం మాత్రం కంపెనీ ఉంచినన్నాళ్లే.

పని చేసే తీరు సులువే. ఫోన్‌లోని సెన్సర్ నిమిషానికి అడుగులు లెక్కిస్తుంది, సాఫ్ట్‌వేర్ పాటలో నిమిషానికి దెబ్బలు లెక్కిస్తుంది, రెంటినీ కలుపుతుంది. మన పాటల దగ్గరే నా యాప్ తడబడింది. ఆలాపనతో మొదలయ్యే పాటకు దెబ్బ దొరక్క తికమక. 70 దెబ్బల మెలొడీని 140 అనుకుని పరుగు పాటల్లో వేసేది. పల్లవి ఒక నడక, చరణం ముందు మ్యూజిక్ ఇంకో నడక అయితే ఇక చెప్పక్కర్లేదు.

అసలు సంగతి వేరే ఉంది. నా నాడి, నడక, నడిచే వేళలు ఆ యాప్‌కు తెలుసు. ఇవే వివరాలు డాక్టర్ ఫైల్లో ఉంటే హిపా చట్టం కాపాడుతుంది. పాటల యాప్‌కు సాధారణంగా ఆ చట్టం వర్తించదు. మా వాషింగ్టన్ రాష్ట్రం 2023లో 'మై హెల్త్ మై డేటా' చట్టం చేసింది. దాని ప్రకారం ఆరోగ్య వివరాలు అమ్మాలంటే మన సంతకం కావాలి, చెరిపేయమని అడిగే హక్కూ మనకుంది. అన్ని రాష్ట్రాల్లో ఇలా లేదు. ఇంటిల్లిపాదికీ వాచీలు కొనే ముందు మీ రాష్ట్రంలో ఏముందో చూడండి.

నేను యాప్ తీసేశాను, పాట మానలేదు. 15 సెకన్ల అడుగులు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తే నిమిషం లెక్క వస్తుంది. నిమిషానికి 100 అడుగులు దాటితే చాలామంది పెద్దవాళ్లకు చురుకైన నడకే. చప్పట్లు కొడుతూ ఆ లెక్కకు సరిపోయే పన్నెండు తెలుగు పాటలు ఏరుకున్నాను. మా పదేళ్ల పాపకు అది లెక్కల ఆట అయింది.

ఎనిమిది నెలల్లో నా ఏ1సి 6.1 నుంచి 5.8కి దిగింది. రాత్రి అన్నం కూడా తగ్గించాను కాబట్టి మార్కులన్నీ పాటకే వేయను. ఇంకా గీత ఇవతలికి రాలేదు. రేపు పొద్దున మళ్లీ ట్రెడ్‌మిల్ ఎక్కాలి.