సగటు చాటున దాగిన ప్రజ్ఞ

హైదరాబాదు అమీర్‌పేటలో మైత్రీవనము కూడలి యొద్ద తలయెత్తి చూచువారికి కోర్సుల పేర్లును ఫీజుల అంకెలును తప్ప ఆకాశము కనబడుట దుర్లభము. మనుష్యుని ఒక్క అంకెతో విలువకట్టు నలవాటు ఇచ్చటి గాలిలోనే యున్నది. పంజాగుట్ట దారిలో మనస్తత్వవేత్త గదికి బిడ్డతో వచ్చు తల్లి మొదట అడుగునదియు "ఐక్యూ ఎంతొచ్చిందండీ?" అనియే.

ఈ ఐక్యూను కొలుచు వెక్స్‌లర్ పరీక్ష అనేక ఉపపరీక్షల సమాహారము. ప్రతిదానికిని సగటు 10. రెండు మాటల నడుమ పోలిక చెప్పుటలో 16, రంగుల ఘనములతో బొమ్మ కూర్చుటలో 15 తెచ్చుకొన్న బాలుడు, విన్న అంకెలను తిరిగి చెప్పుటలో 6, గడువులోపల గడులలో గుర్తులు నింపుటలో 5 మాత్రమే తెచ్చుకొన్నా డనుకొందము. నాలుగింటి సగటు పదిన్నర! కాగితముపై అతడు కేవలము సామాన్యుడు; తరగతిలోనో, నోటితో చెప్పుటయందు అందఱికంటె ముందుండియు, నోట్సు వ్రాయుటయందు అందఱికంటె వెనుకబడి, సోమరి యను బిరుదు మోయుచుండును. అతనికి అభ్యసన వైకల్య మున్నచో, తెలివి ఆ వైకల్యమును, ఆ వైకల్యము తెలివిని కప్పివేయుటచేత, ప్రతిభావంతుల వరుసలోను సహాయార్హుల వరుసలోను అతనికి చోటు దొరకదు.

అయితే అంకెలలో ఇట్టి ఎగుడుదిగుడులు మామూలు పిల్లలయందును కలవు; అంతమాత్రమున డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్య మని తీర్మానింపరాదు, చదువు, వ్రాత, లెక్కల పరీక్షలు వేరుగా జరుపవలసినదే. ఇంట తెలుగు, వీధిలో ఉర్దూ, బడిలో ఇంగ్లీషు వినుచు పెరుగు మన నగరపు బిడ్డకు మాటల పరీక్ష ఏ భాషలో పెట్టిరో అదియు విచారింపవలెను.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము అభ్యసన వైకల్యముగల పిల్లలను శీఘ్రముగా గుర్తింపవలెననియు, పరీక్షలలో అదనపు సమయము, లేఖకుని తోడు, రెండవ మూడవ భాషలనుండి మినహాయింపు వంటి సదుపాయములు కల్పింపవలెననియు చెప్పినది. కాని 2018 నాటి మార్గదర్శకములు ప్రజ్ఞాలబ్ధి (ఐక్యూ) 85 దాటినగాని అభ్యసన వైకల్యమును నిర్ధారించు నిమ్‌హాన్స్ పరీక్షకు పోవలదని గీత గీచినవి. జ్ఞాపకమును వేగమును కలిపిన మొత్తపు అంకెనే ఆ గీతయొద్ద చూచినచో, ఏ వైకల్యము ఆ అంకెను క్రిందికి లాగినదో ఆ వైకల్యమే కొందఱు బాలురకు తలుపు మూయును. ఇంతకంటె విపరీత న్యాయము వేరొకటి కలదా?

జ్ఞాపకమును వేగమును విడిచి మాటల గ్రహణమును తర్కశక్తిని మాత్రమే లెక్కించు జనరల్ ఎబిలిటీ ఇండెక్స్ యను సూచిక వెక్స్‌లర్ పరీక్షలోనే కలదు. తల్లిదండ్రులారా, దానిని అడిగి నివేదికలో వ్రాయించుకొనుడు. ధ్రువపత్రము లిచ్చు అధికారులు ఇట్టి గీత యున్నచోట దానినే ప్రమాణముగా గొనవలెను. ఇందుకు క్రొత్త పరీక్ష అక్కఱలేదు, కావలసిన అంకెలన్నియు ఆ నివేదికలోనే యున్నవి.